పరిటాల మీదుగా మునగాల దాకా

ఉత్తరాఖండములోని సితార్‌గంజ్ వద్ద మొదలై, జబల్పూరు, రాయపూరు, జగదల్పూరుల మీదుగా దిగి, భద్రాచలము దగ్గర గోదావరిని దాటి, కొత్తగూడెము, తిరువూరు, మైలవరము గడచి వచ్చు 30వ నంబరు జాతీయ రహదారి, ఇబ్రహీంపట్నమున ముగియుటకు కొలది దూరము ముందుగా జి.కొండూరును తాకుచు పోవును. అక్కడనుండి బయలుదేరి కొండపల్లి కొండల దక్షిణపు కొనను చుట్టి, ఇబ్రహీంపట్నమున పడమటికి మరలి, పూణె మచిలీపట్నముల నడుమ సాగు 65వ నంబరు రహదారిని, అనగా పెద్దలు నేటికిని తొమ్మిదో నంబరు రోడ్డు అనియే పిలుచు దానిని, పట్టుకొని పరిటాల, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పాలేరు దాటి, తెలంగాణములోని కోదాడను, దానికి ఆవలనున్న మునగాలను చేరు దారి మొత్తము నూరు కిలోమీటర్లకు కొంచెము పైమాట. ఆపకుండ నడపినచో రెండు గంటలలో ముగిసిపోవు ఈ ప్రయాణమును ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక పూర్ణదినపు యాత్రగా ఎట్లు కూర్చుకొనవలెనో, ఏ ఋతువున, ఏ వేళ, ఏయే తావుల ఆగుచు పోయినచో ఈ నేల తన్ను తాను చూపుకొనునో వివరించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఐరోపాఖండమున ఒక దేశపు పట్టణమునుండి పొరుగుదేశపు పట్టణమునకు కారులో పోవుటను అచటివారు ఒక విద్యగా పెంచుకొనిరి. ఆస్ట్రియాలో 1935లో తెరచిన గ్రాస్‌గ్లాక్నర్ కొండదారి రెండువేల అయిదువందల మీటర్ల ఎత్తునకు ఎక్కును గనుక, శీతకాలమంతయు మంచు క్రింద మూతపడియుండి వేసవి రాకతోగాని తెరవబడదు. అట్టి దారిన పోదలచినవాడు మొట్టమొదట చూచునది పంచాంగమే. పిదప వెలుగు ఏ కనుమలో ఏ వేళ పడునో విచారించును. ఇక సరిహద్దుల సంగతి చెప్పనక్కరలేదు. 1985లో లక్సెంబర్గులోని షెన్గెన్ అను చిన్న గ్రామము దగ్గర కుదిరిన ఒడంబడిక ఫలితముగా అక్కడి అనేక దేశముల నడుమ తనిఖీలు తొలగిపోయినవి. అయినను సరిహద్దులు పోలేదు. జర్మనీకి చెందిన బ్యూసింగెన్ అను ఊరు నలువైపుల స్విట్జర్లాండు నేలచేతనే చుట్టబడి నేటికిని నిలిచియున్నది. బెల్జియము, నెదర్లాండ్సు దేశముల బార్లే గ్రామమున సరిహద్దుగీత ఇండ్ల గుండెలమీదుగా పోవుచున్నది. ఇట్టి వింతలను చూచుటకు మన యువకులు అచ్చట ఉద్యోగములు చేయుచు వారాంతములలో పోవుట సంతోషింపదగినదే. కాని బ్యూసింగెన్ వంటి ఊళ్ళు రెండు మన తొమ్మిదో నంబరు రోడ్డు మీదనే, ఒకటి పరిటాల, రెండవది మునగాల, ఒండొంటికి ప్రతిబింబములవలె ఉండెడివని ఎందరెరుగుదురు? ఈ యాత్రకు ఆ రెండు ఊళ్ళను ముఖ్యస్థానములుగా నేను ఎన్నుకొనుటకు కారణమిదియే. వాని చరిత్రకు పోకముందు కాలనిర్ణయము చేసికొందము.

ఆల్ప్స్ పర్వతములలో దారిని మంచు మూయును. ఇక్కడ దారిని ఏరు మూయును. వరంగల్లు ప్రాంతమున పుట్టి, ఖమ్మము మీదుగా దిగి, నందిగామ చెంత రహదారిని దాటి కృష్ణలో కలియు మున్నేరు సామాన్యముగా ఇసుకతిన్నెలనడుమ పాయలుగా పారు సాధువైన ఏరు. కాని దాని పరీవాహక ప్రదేశములో అధికభాగము గట్టిరాతి నేల. ఆ నేల వాననీటిని కొంచెమే పీల్చుకొనును. తక్కినదంతయు వాగులబట్టి ఏటిలోనికి దిగును. అందుచేత ఎగువను కుంభవృష్టి కురిసిన మరునాడు, నందిగామలో ఎండ కాయుచుండగానే, ఏరు ఒడ్డులొరసికొని రావచ్చును. అదే సమయమున కృష్ణలో నీటిమట్టము హెచ్చుగానున్నచో మున్నేటినీరు నదిలో కలియలేక వెనుకకు తన్నును. ఆ తన్నిన నీరు పొలముల మీదికి, రోడ్డు మీదికి ఎక్కును. 2023 జులైలో నందిగామ మండలము ఐతవరము వద్ద నాలుగు వరుసల రహదారిని మున్నేరు ముంచి, హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలను నిలిపివేసినది. 2024 సెప్టెంబరు మొదటిదినములలో పాలేరు, మున్నేరు, బుడమేరు మూడును ఒక్కమారు పొంగినవి. ప్రకాశము బరాజు వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము నమోదయినది, రాష్ట్రపుటెల్ల యైన గరికపాడు వద్ద పాలేటి వంతెన దెబ్బతిన్నది, జి.కొండూరు మండలములోనే బుడమేటి మళ్ళింపుకాలువకు గండ్లుపడి, ఆ నీరు విజయవాడ నగరమును ముంచినది. వెలగలేరు వద్దనున్న బుడమేటి రెగ్యులేటరును చూచినవారికి, ఇంత చిన్న ఏరు అంత పెద్ద నగరమును ఎట్లు ముంచెనో అను ఆశ్చర్యము కలుగక మానదు. కావున జులైనుండి అక్టోబరు నడుమవరకు ఈ యాత్ర తలపెట్టువాడు తన ఇంటిమీది ఆకాశమును చూచి బయలుదేరరాదు. ఖమ్మము, మహబూబాబాదులలో నిన్న ఎంత వాన కురిసినదో తెలిసికొని బయలుదేరవలెను. ఈ ఒక్క నియమము నూరు సూచనల పెట్టు.

వేసవి మరొక కారణముచేత పనికిరాదు. ఈ మెట్టప్రాంతము సముద్రపుగాలికి దూరమగుటచేతను, రాతికొండలు పగటివేడిని దాచుకొనుటచేతను, మే మాసమున ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు ఎక్కు దినములు అరుదు గావు. తారురోడ్డును అంటియున్న గాలి మిక్కిలి వేడెక్కి పలుచనై, దానిపైనున్న చల్లనిగాలికంటె కాంతిని తక్కువగా వంచును; అందుచేత ఆకాశమునుండి వాలుగా దిగిన కిరణములు నేల తాకకమునుపే పైకి వంగి మన కంటిని చేరును. దూరమున రోడ్డుమీద నీరు నిలిచినట్లు కనబడు ఎండమావి ఆ వంగిన ఆకాశమే. అది చూడముచ్చటైనదే గాని, ఆ వేడిలో చక్రములకు కలుగు హాని చిన్నది కాదు. ఉదయపు చల్లదనములో 27 డిగ్రీల వద్ద 33 పౌన్లు గాలి నింపిన టైరులో, పరుగువలనను ఎండవలనను గాలి 57 డిగ్రీలకు వేడెక్కినచో, వాయుధర్మముననుసరించి ఒత్తిడి మరి 5 పౌన్ల దాక పెరుగును. టైరుగాలిని ఎల్లప్పుడు బండి చల్లగానున్నప్పుడే కొలిపించవలెననుటకు హేతువిదియే.

ఇక మిగిలినది నవంబరు నడుమనుండి జనవరి చివరవరకు గల కాలము. దీని మేలు వెలుగులోనున్నది. దూరపుకొండ నీలముగా కనబడుట కొండ రంగుచేత గాక, కొండకును మనకును నడుమనున్న గాలిచేత. గాలి అణువులు నీలకాంతిని ఎఱ్ఱకాంతికంటె నాలుగు రెట్లకు పైగా చెదరగొట్టును. ఆ చెదరిన నీలము చీకటికొండమీద పరచుకొని దానికి ఆ వన్నె తెచ్చును. కాని గాలిలో ధూళికణములు హెచ్చినప్పుడు, అవి అణువులకంటె ఎంతో పెద్దవి గనుక, అన్ని రంగులను సమానముగా చెదరగొట్టి కొండను తెల్లనిపొగలో కలిపివేయును. వానలు గాలిని కడిగి వెడలిన పిమ్మట, వరికోతల దుమ్ము లేవకమునుపు, కొండపల్లి కొండలు పరిటాల వైపునుండి ఎంత స్పష్టముగా కనబడునో తక్కిన పది మాసములలో అట్లు కనబడవు. పైగా ఈ దారి ఇబ్రహీంపట్నమునుండి కోదాడవరకు ఆగ్నేయమునుండి వాయవ్యమునకు పోవును. మార్గశిర పుష్యమాసములలో మన అక్షాంశమున సూర్యుడు సరియైన తూర్పున గాక 24 డిగ్రీలు దక్షిణముగా ఉదయించును గనుక, ఉదయమున ఈ దారిన పోవువానికి సూర్యుడు వీపు వెనుక ఉండి, ఎదుటిదృశ్యమంతయు వెలిగించును. సాయంకాలము తిరిగివచ్చునప్పుడు కుడిభుజము వెనుక ఉండును. రెండువేళల కన్నులలో ఎండ పడదు. దీనికి విరుద్ధముగా వేసవి సాయంత్రము కోదాడ దిక్కునకు నడపువాడు అస్తమించు సూర్యునికి ఎదురుగా కన్నులు చికిలించుకొనుచు నడపవలసియుండును.

ఈ కాలమునకు గల ఒక్క దోషము పొగమంచు. నిర్మలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. దానిని అంటియున్న గాలిలో, కృష్ణ, మున్నేరు, తడిపొలములు ఇచ్చిన తేమ నీటిబిందువులుగా మారును. గాలి కదలకున్నచో ఆ పొర ఉదయము ఎనిమిది గంటలదాక లేవదు. అపాయమును తెలిసికొన్న మనుష్యుడు బ్రేకుమీద కాలు వేయుటకు రోడ్ల ఇంజనీర్లు రెండున్నర సెకనులు లెక్కకట్టుదురు. ఆ వ్యవధిలో గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి దాదాపు 70 మీటర్లు ముందుకు పోవును. బ్రేకు పట్టిన పిదప ఆగుటకు కావలసిన దూరము వేగపు వర్గమునుబట్టి పెరుగును. రెండును కలిసి 180 మీటర్లగును. అదే 50 కిలోమీటర్ల వేగమున 60 మీటర్లు చాలును. కంటికి వంద మీటర్లు కనబడని మంచులో వందవేగము ఏల మృత్యుసమానమో ఈ రెండు అంకెలు చెప్పును. ఎనబది కిలోమీటర్ల దారిలో 80 వేగమునకు బదులు 100 వేగమున పోయి మిగుల్చుకొనునది పన్నెండు నిమిషములు మాత్రమే. దానికై గాలి యెదిరింపును ఒకటిన్నర రెట్లు చేసికొని ఇంధనము కాల్చుట యాత్రికునికి తగినపని కాదు. ఎండ పొడచూపి మంచు విడిన పిమ్మటనే జి.కొండూరు విడువవలెను.

బయలుదేరిన కొలదిసేపటికే కుడివైపున, అనగా పడమట, కొండపల్లి కొండలు ఉదయపు ఎండలో వెలుగుచు కనబడును. పదునాలుగవ శతాబ్దపు రెడ్డిరాజుల కోటను, తెల్లపొణికికొయ్యతో చేయు బొమ్మలను తెలుగువారందరు ఎరుగుదురు. వాని క్రిందనున్న రాతిని గూర్చి మాత్రము ఎవరును చెప్పరు. ఈ కొండలలో అధికముగా నున్నది చార్నకైటు. కలకత్తాలోని జాబ్ చార్నకు సమాధిరాతిని పరిశీలించి, అది మద్రాసు ప్రాంతపు రాయియని గుర్తించి, 1893లో థామస్ హాలండు ఆ పేరు పెట్టెను. నీలిబూడిద వన్నె, జిడ్డుమెరుపు దాని గుర్తులు. ఇరువదియైదు, ముప్పది కిలోమీటర్ల లోతున, కొలిమివంటి వేడిలో, సుమారు 160 కోట్ల సంవత్సరముల క్రిందట పక్వమైన రాయి అది. దానిపైనున్న పర్వతభారమంతయు యుగయుగములుగా అరిగిపోవగా నేడు మన కన్నులకు పైకి తేలియున్నది. దానితోబాటు భూగర్భపు కరగిన శిలాద్రవము పొరలుపొరలుగా పేరుకొన్న గాబ్రో, అనార్థొసైటు వంటి శిలలును, వానిలో క్రోమైటు ఖనిజమును కలవు. ఇక్కడ క్రోమైటును త్రవ్వి తీసిన కాలమును కలదు. తూర్పుకనుమల యొక్క ఈ భూఖండము ఒకప్పుడు వేరు. తెలంగాణపు పాతనేల వేరు. ఆ రెండును ఢీకొని అతుకుకొన్న అతుకు మన దారిక్రింద, కొండపల్లి కొండలకు పడమట, మట్టిమరుగున పోవుచున్నది. యాత్రికుడు దాటు మొదటి సరిహద్దు అది. దానిని సూచించు బోర్డు లేదు. తనిఖీ అంతకంటె లేదు.

ఇబ్రహీంపట్నము విడిచిన పిమ్మట దొనబండ వద్ద క్వారీలు వచ్చును. కొండను పేల్చి, క్రషర్లలో నలిపి, కంకర చేసి లారీలకెత్తు ఆ తావు కన్నులకు ఇంపైనది కాదు. కాని మనము నడచు రహదారియే అట్టి కంకర తారులో పరచినది గనుక, దానిని చూడక తప్పించుకొని పోవుట న్యాయము కాదు. దట్టముగా స్ఫటికములు అల్లుకొన్న చార్నకైటు, గ్రానైటులు అరుగుదలకు ఓర్చును గనుక రోడ్డుకు యోగ్యములైనవి. ఆ యోగ్యతయే కొండలకు ముప్పై కూర్చున్నది.

అటుపిమ్మట పరిటాల. 135 అడుగుల ఆంజనేయవిగ్రహము దూరమునుండియే దారి చూపును. ఉత్తరసర్కారులను ఆంగ్లేయులకు విడిచిపెట్టిన నిజాము, వజ్రములు దొరకు కొన్ని గ్రామములను మాత్రము విడువక తనకే ఉంచుకొనెను. వానిలో ముఖ్యమైనది పరిటాల. అందుచేత నాలుగుప్రక్కల మద్రాసు రాజధానికి చెందిన కృష్ణాజిల్లా ఉండగా, నడుమ ఈ గ్రామములగుంపు హైదరాబాదు రాజ్యపు ద్వీపముగా మిగిలిపోయెను. పొలము గట్టు దాటినచో ప్రభుత్వము మారును, పన్ను మారును, న్యాయస్థానము మారును. ఇదంతయు ఒక రాతిముక్కను నమ్ముకొని జరిగిన పని. వజ్రము నూటయేబది కిలోమీటర్లకు తక్కువ కాని లోతున, శుద్ధమైన బొగ్గుమూలకము అపారమైన ఒత్తిడిలో స్ఫటికీకరించుటచే పుట్టును. అగ్నిశిలల నాళములలో పైకి ఎగజిమ్మబడును. ఆ నాళములు అరిగిపోగా వాగులవెంట కొట్టుకొనివచ్చి గులకరాళ్ళ పొరలలో నిలుచును. కృష్ణ ఒడ్డున పరిటాల, కొల్లూరు గనులు ఇట్టి గులకపొరలే. పదునేడవ శతాబ్దపు నడుమ ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కొల్లూరు గనిని చూచి, అందు అరువదివేలమంది పనిచేయుచుండిరని వ్రాసెను. మద్రాసు గవర్నరు థామస్ పిట్టు కొని, ఫ్రాన్సు రాజవంశమునకు అమ్మగా నేడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో వెలుగుచున్న 140 కారట్ల రీజెంటు వజ్రము పరిటాలలో దొరకినదని కొందరు, కొల్లూరిలో దొరకినదని కొందరు చెప్పుదురు. కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటిక్రింద నున్నవి. పరిటాలలో ఆ ద్వీపపు చరిత్రను చెప్పు చిహ్నము బాటసారి కంట పడదు.

కంచికచర్లనుండి కీసర వంతెన దాటి నందిగామవరకు నల్లరేగడి. కార్తీకము దాటిన తరువాత పత్తి పగిలి చేలు తెల్లబారును. మాఘఫాల్గుణములలో కళ్ళములమీద మిరపకాయలు ఎఱ్ఱగా ఆరును. నడుమనడుమ కాగితపుమిల్లులకు పోవు సుబాబుల్ తోటలు. ఈ నేలలోని బంకమట్టిఖనిజము అతిసూక్ష్మమైన రేకుల దొంతర. నీరు తగులగానే ఆ రేకులనడుమ నీటియణువులు చొరబడుటచే, తడిసిన పుస్తకపుకట్టవలె, అది ఉబ్బును. ఎండగనే కుంగి, మనుష్యుని చేయి దూరునంత లోతుగా నెరియలు తీయును. ప్రతి సంవత్సరము జరుగు ఈ ఉబ్బుకుంగుల మీద రోడ్డు పరచినచో, అంచులలో తడి హెచ్చు తగ్గులగుటచే ఉపరితలము అలలు తేలును. దానికి విరుగుడుగా ఇంజనీర్లు రేగడిని తీసి గ్రావెలు నింపుదురు. లేదా సున్నము కలిపి మట్టి స్వభావమునే మార్చుదురు. ఈ భాగమున, ముఖ్యముగా సర్వీసు రోడ్లమీదను గ్రామములకు చీలు బాటలమీదను, బండి ఊగుచు పోయినచో కంట్రాక్టరును తిట్టుకొనుటకు ముందు నేలను కూడ తలచుకొనవలెను.

నందిగామ దాటిన తరువాత ఉత్తరముగా చీలు దారిలో మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలు కలదు. తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని వచ్చు జనసమ్మర్దముచేత మాఘఫాల్గుణములలో ఈ బాట నిండిపోవును. యాత్ర జనవరిలోపల ముగించుమనుటకు ఇదియు ఒక హేతువు. 1877లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులు జన్మించినది ఈ గ్రామముననే. ఆ పేరు మునగాల వద్ద మరల వచ్చును గనుక ఇక్కడ ఇంతటితో విడుతును.

చిల్లకల్లు టోల్‌గేటు సమీపించునప్పటికి నేల రంగు మారును. జగ్గయ్యపేటకు దక్షిణముగా కృష్ణవరకు పరచుకొన్నది సున్నపురాయి. చేపలు గాని, చెట్లు గాని భూమిమీద పుట్టక పూర్వము ఇక్కడ నిలిచియుండిన లోతులేని సముద్రమున, సున్నపుబురద పొరమీద పొరగా పేరుకొని, గట్టిపడి పలకలుగా మారెను. కృష్ణకు ఆవలనున్న పల్నాటిరాయియు ఇదియే. ఈ ఒక్క రాయి రెండువేల సంవత్సరముల ఎడముతో రెండు విధములైన పనులకు వచ్చినది. మెత్తగా చెక్కుటకు అనువై, నునుపుదేలునట్టి ఆ పాలిపోయిన ఆకుపచ్చ పలకలమీదనే అమరావతి, నాగార్జునకొండ శిల్పులు తమ బొమ్మలు చెక్కిరి. జగ్గయ్యపేట చెంత ధనంబోడు అను గుట్టమీద నున్న బౌద్ధస్తూపమును 1882లో జేమ్స్ బర్జెసు త్రవ్వించి పరిశీలించి, 1887లో అమరావతీ జగ్గయ్యపేట స్తూపములమీద గ్రంథము ప్రకటించెను. ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని పాలనకాలపు శాసనములు ఆ స్తూపపు ఆయకస్తంభములమీద దొరకినవి. ఛత్రము క్రింద నిలిచిన చక్రవర్తి, ఆయనచుట్టు చక్రము, గుఱ్ఱము, ఏనుగు మున్నగు సప్తరత్నములు గల ప్రసిద్ధశిల్పము ఇప్పుడు చెన్నపట్నపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. నాటి బేతవోలే వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర జగ్గయ్యపేటగా పెంచిన పట్టణమని గూడ గుర్తుంచుకొనవలెను. స్తూపము దగ్గర ఒక గంటయైనను కూర్చుండక పోవుట ఈ యాత్రలో క్షమింపరాని లోపమని నా మతము.

రెండవ పని సిమెంటు. ముక్త్యాల, జయంతిపురము ఫ్యాక్టరీలు, ఎల్ల దాటిన తరువాత మేళ్ళచెరువు ఫ్యాక్టరీలు ఈ రాయినే పొడిచేసి, బంకమట్టితో కలిపి, తిరుగు కొలిమిలో 1,450 డిగ్రీలవరకు కాల్చి క్లింకరు చేయును. శుద్ధమైన సున్నపురాయి వంద కిలోలు కాలినచో 56 కిలోల సున్నము నిలిచి, 44 కిలోల బొగ్గుపులుసు గాలి ఆకాశమునకు పోవును. కొలిమిలో కాల్చిన బొగ్గుపొగ దీనికి అదనము. సముద్రము కోట్ల సంవత్సరములు కష్టించి రాతిలో బంధించిన గాలిని మనము కొన్ని గంటలలో విడిచిపెట్టుచున్నాము. కట్టడములు లేక మనకు గడవదు, నిజమే. కాని దారిప్రక్కన చెట్లమీది బూడిదవన్నెను చూచినప్పుడు ఈ లెక్క మనస్సునకు రాకపోవుట మంచిది కాదు.

గరికపాడు దగ్గర పాలేరు. ఇదియే రాష్ట్రముల ఎల్ల. 1948వరకు ఈ ఏటికి ఈవల ఇండియా, ఆవల నిజాము రాజ్యము. 1956 నవంబరు 1వరకు రెండు రాష్ట్రముల ఎల్ల. ఆపైన దాదాపు ఏబదియెనిమిది సంవత్సరములు వట్టి జిల్లా ఎల్ల. 2014 జూన్ 2నుండి మరల రాష్ట్రముల ఎల్ల. లారీల బారులు నిలుచు వాణిజ్యపన్నుల చెక్‌పోస్టు 2017లో జి.యస్.టి. వచ్చుటతో తొలగినది. సొంతబండిలో పోవువానిని ఇప్పుడు ఎవరును ఆపి పత్రములు అడుగనక్కరలేదు. అద్దెబండి యైనచో మాత్రము పర్మిటు చూచుకొనవలెను. పెట్రోలు ధర ఆయా రాష్ట్రపు పన్నునుబట్టి మారును గనుక, ఎల్లకు ఇరుప్రక్కల బోర్డులు చూచి నింపుకొనుట మేలు. మనుష్యులకంటె ముందే ఈ ఎల్లను లెక్కచేయనిది నీరు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో నీరు విడిచిన నాగార్జునసాగరపు ఎడమకాలువ, అనగా లాల్‌బహదూరు కాలువ, కోదాడ పొలములు తడిపి, ఎల్ల దాటి వచ్చి జగ్గయ్యపేట, నందిగామ మెట్టలకు నీరిచ్చును. ఎగువనున్నవారి తూము, దిగువనున్నవారి పైరు ఒకే కాలువమీద ఆధారపడియున్నంతకాలము ఈ ఎల్ల పంచుకొను గీతయేగాని త్రెంచుకొను గీత కాజాలదు.

పాలేరు దాటి కోదాడ చేరిన పిదప ఉత్తరమునను పడమటను గ్రానైటు, నైసుశిలల నేల. ఇది దాదాపు 250 కోట్ల సంవత్సరములనాటిది. కొండపల్లి రాతికి పెద్దన్న. ఒకదానిమీదనొకటి పేర్చినట్లు నిలుచు గుండ్లు ఎవరును పేర్చినవి కావు. లోతున చల్లారునప్పుడు రాతిలో అడ్డముగను నిలువుగను బీటలు ఏర్పడును. నేలలోని నీరు ఆ బీటలవెంట దిగి రాతిని పొడిచేయును. మూల మూడువైపులనుండి తినబడును గనుక అన్నిటికంటె ముందు అరుగును. ఆ విధముగా పలకరాయి గుండ్రాయి యగును. పొడియైన మట్టి వానకు కొట్టుకొనిపోగా గుండ్లు మాత్రము నిలుచును. నీరు ఇంకని ఈ నేలలో బావులకంటె చెరువులు మేలని గ్రహించి, కాకతీయులనాటినుండి పెద్దలు పల్లమునకెల్ల కట్ట వేసిరి. మధ్యాహ్నభోజనము కోదాడలో ముగించుకొని, చెరువుకట్ట చెంత కొంచెముసేపు నిలిచి సాగవచ్చును.

తుదకు మునగాల. పరిటాల నిజాముకు చెందిన ద్వీపము. మునగాల దానికి సరిగ్గా తిరుగుడు. చుట్టును నిజాము రాజ్యము, నడుమ ఆంగ్లేయుల కృష్ణాజిల్లాకు చెందిన జమీందారీ పరగణా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మటనే అది నల్లగొండ జిల్లాలో చేరినది. 2016నుండి సూర్యాపేట జిల్లాలో నున్నది. ఈ స్థితివలన ప్రజలకు కలిగిన ఇక్కట్లు ఎన్నియైనను, తెలుగువిద్యకు ఒక మేలు కలిగెను. మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, వారి దివానైన, పెనుగంచిప్రోలున పుట్టిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు రెండు రాజ్యములయందును కాలుమోపి నిలువగలిగిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వారి ప్రాపున వెలసినవి. తెలుగులో ప్రకృతిశాస్త్రములను సామాన్యునికందునట్లు గ్రంథములుగా వెలువరించిన ఆ మండలి లేనిచో, నేడు నావంటివాడు రాతినిగూర్చి, నీటినిగూర్చి తెలుగున వ్రాయుటకు పదములే చాలకుండెడివి. 1923లో పంతులుగారు గతించుటచే వారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము అసమాప్తముగా నిలిచిపోయెను.

సాయంకాలము నాలుగు గంటలకు మునగాల విడిచినచో చీకటిపడులోపల పాలేరు దాటి, రాత్రి భోజనవేళకు జి.కొండూరు చేరవచ్చును. ఈ ప్రాంతపు ఉన్నతపాఠశాలల భూగోళ, చరిత్రోపాధ్యాయులకు నా మనవి ఒక్కటి: మార్గశిరమున ఒకదినము ఒక బస్సు మాట్లాడుకొని మీ విద్యార్థులను ఈ దారివెంట తీసికొనిపొండు, దొనబండలో రాయి చూపుడు, నందిగామలో మట్టి చూపుడు, ధనంబోడు వద్ద పలకను తాకనియ్యకుండ చూపుడు. రహదారుల అధికారులకును, రెండు ప్రభుత్వముల పురావస్తుశాఖలకును మరియొక మనవి: పరిటాలలో ఒకటి, గరికపాడు వంతెనవద్ద ఒకటి, మునగాలలో ఒకటి తెలుగు అక్షరములతో శిలాఫలకములు నిలుపుడు. వానికి కావలసిన రాయి జగ్గయ్యపేటలోనే కలదు.